పాత ఇంటి బయటి భాగం బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వందేళ్లు దాటిన ఇంటిని బాగుచేయించాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పని దగ్గర నిలబడి చూసినంతలో, చేయించినంతలో నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ఇంటి బయటి భాగం గురించే: గోడలు, పూత, రంగు, కిటికీలు, తలుపులు, ఇనుప పని. నీళ్ల గురించి పదే పదే చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే పాత గోడకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం నీటితోనే మొదలవుతాయి. ఆ నీటిని ఆపాలని మనం చేసే పనులతో అవి ఇంకా ముదురుతాయి.

ఇల్లంతా పెచ్చులూడి ఉంది. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ఎండలో వంద ఫొటోలు తీసినా దొరకనిది ఆ పావుగంటలో కళ్లకు కనబడుతుంది. గట్టర్ ఎక్కడ పొంగి గోడ మీదికి కారుతోంది, నీటి గొట్టం ఏ అతుకు దగ్గర ఊరుతోంది, చూరు నీళ్లు ఎక్కడ పడి గోడ అడుగుకు చిమ్ముతున్నాయి, అన్నీ తెలుస్తాయి. వాన వెలిశాక రెండు మూడు గంటలకు మళ్లీ తిరగండి. మిగతా గోడంతా ఆరుతున్నా ఒకచోట తడి మరక అలాగే ఉంటుంది. మీ పని అక్కడ మొదలవుతుంది.

కిటికీ కింది పలకను మాత్రం వంగి అడుగు వైపు నుంచి చూడండి. పాత పనివాళ్లు ఆ పలక ముందు అంచుకు కాస్త లోపలగా, అడుగున సన్నటి గాడి తీసేవారు. పలక మీద పడ్డ నీళ్లు అంచు దాటి అడుగు వైపుకు పాకుతాయి. గాడి దగ్గరికి రాగానే బొట్టు తెగి కింద పడుతుంది, గోడ దాకా వెళ్లదు. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి వేసిన రంగులతో ఆ గాడి పూడిపోయి ఉంటుంది. ఇక ప్రతి వానకూ కిటికీ కింద గోడ తడుస్తూనే ఉంటుంది, అక్కడ పూత ఎన్నిసార్లు వేసినా నిలవదు. గాడిలో పేరుకున్న రంగు గీకడానికి ఒక పూట చాలు.

వరస మాత్రం పైనుంచి కిందికే. ముందు కప్పు, గట్టర్లు, నీటి గొట్టాలు. తర్వాత గోడల్లో కదలిక ఉందేమో చూడటం. ఆ తర్వాత ఇటుక, రాయి, పూత. వాటి తర్వాత చెక్క, ఇనుము. రంగు అన్నిటికన్నా చివర. ముందు రంగేసి తర్వాత కప్పు సంగతి చూద్దామనుకుంటే ఆ డబ్బంతా మొదటి వానాకాలంలోనే కొట్టుకుపోతుంది.

పునరుద్ధరణ, మరమ్మతు, పరిరక్షణ అంటుంటారు. తేడా ఏమిటి?

ఉన్నదాన్ని పాడవకుండా కాపాడటం పరిరక్షణ. పాడైనచోట మాత్రం బాగుచేయడం మరమ్మతు. పోయినదాన్ని తిరిగి తెచ్చి ఇంటిని ఒకప్పటి రూపానికి చేర్చడం పునరుద్ధరణ. ఈ మూడింట్లో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది పునరుద్ధరణకే. దాని పేరు మీదే పాత కట్టడాలకు ఎక్కువ నష్టం జరిగింది కూడా. 19వ శతాబ్దపు ఇంగ్లాండులో పాత చర్చిల గోడల మీద పూత గీకేసి, తర్వాతి కాలపు భాగాలు పీకేసి ‘అసలు రూపం’ పేరుతో కొత్తవి కట్టేవారు. దాన్ని ఎదిరిస్తూ 1877లో కవి, డిజైనర్ విలియం మోరిస్, ఆయన మిత్రులు పురాతన కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టారు. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది.

పాత కట్టడాల పరిరక్షణకు ఆస్ట్రేలియాలో 1979లో రూపొందిన మార్గదర్శక పత్రం బుర్రా చార్టర్. దాని సారాంశం నేను ప్రతి ఇంటి యజమానికీ చెబుతాను: అవసరమైనంత చేయండి, వీలైనంత తక్కువ మార్చండి. వినడానికి తేలికే. కానీ స్కాఫోల్డింగ్ కట్టాక, మనుషులు వచ్చాక, ‘ఎలాగూ ఇక్కడిదాకా వచ్చాం కదా, ఇది కూడా మార్చేద్దాం’ అనే మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది.

ఇంటికి మధ్యలో ఎవరో వరండా కలిపారు, కిటికీలు మార్చారు. అవన్నీ తీసేసి మొదట కట్టినట్టు చేయాలా?

తొందరపడకండి. ఎనభై ఏళ్ల కిందట కలిపిన వరండా కూడా ఇప్పుడు ఆ ఇంటి చరిత్రలో భాగమే. పాత కట్టడాల పరిరక్షణ మీద 1964లో వచ్చిన అంతర్జాతీయ పత్రం, వెనిస్ చార్టర్, ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒక కట్టడానికి వేర్వేరు కాలాల్లో చేరిన మంచి భాగాలన్నిటినీ గౌరవించాలి, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అంటుంది.

ఆధారం ఉంటే సరే. పాత ఫొటో, నకలు పటం, గోడ మీద మిగిలిన గుర్తు, అటకమీద దొరికిన విరిగిన కమ్మీ, ఇలా ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ‘ఆ రోజుల్లో ఇలాగే ఉండేదట’ అన్న మాట ఆధారం కాదు. వరండా వల్ల నీళ్లు గోడలోకి దిగుతున్నా, అది పాత గోడను లాగేస్తున్నా అప్పుడు తీయడం గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా తీసేముందు కొలతలు, ఫొటోలు తీసి పెట్టుకోండి.

అనుమతి తీసుకోవాలా?

మీ ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నా, అలాంటి ప్రాంతంలో ఉన్నా బయటి భాగం ముట్టుకునేముందు తీసుకోవాలి. చాలా చోట్ల రంగు మార్చడానికి, కిటికీ మార్చడానికి కూడా అనుమతి ఉండాలి. స్థానిక ప్రణాళికా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, నోటిమాట మీద పని మొదలుపెట్టకండి.

గోడ అడుగున చెమ్మ ఎక్కి పూత రాలిపోతోంది. కింద మూడడుగులు సిమెంట్ పూత వేయమంటున్నారు. వేయించవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివేవాళ్లుంటే ఇది చదవాలని నా కోరిక.

పాత గోడ, ఇప్పటి గోడ నీటితో వ్యవహరించే తీరు వేరు. ఇప్పటి గోడ నీటిని బయటే ఆపాలని చూస్తుంది. ఇటుక, సున్నపు గారతో కట్టిన పాత గోడ నీటిని కొంత పీల్చుకుంటుంది, ఎండా గాలీ తగలగానే వదిలేస్తుంది. గోడ ఊపిరి పీలుస్తుందని మేస్త్రీలు అనేది దీన్నే. ఆ గోడలో సందుల్లోని సున్నం ఇటుక కన్నా మెత్తగా ఉంటుంది, నీటి ఆవిరిని తేలిగ్గా వదులుతుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ, దాంతో వచ్చిన ఉప్పు ఆ సందుల ద్వారా, పూత ద్వారా బయటికి వస్తాయి. కొన్నేళ్లకు పూత పాడవుతుంది, మళ్లీ వేస్తాం. గోడ కోసం అరిగిపోవడమే ఆ పూత పని.

దాని మీద సిమెంట్ వేస్తే బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. కింద నుంచి నీరు ఎక్కడం మాత్రం ఆగదు. సిమెంట్ వెనకాల చేరి, పైకి ఎక్కి, పూత అంచు దాటాక బయటపడుతుంది. ఆరినచోట ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపలినుంచే పగలగొడుతుంది. గడ్డకట్టేంత చలి ఉండే చోట్ల ఇంకో బాధ ఉంది: నీరు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పలకలుగా ఊడుతుంది.

మొదట్లో నేను పని చూసుకున్న ఒక ఇంట్లో ఇదే తప్పు జరిగింది. మంచిదనే నమ్మి కింద మూడడుగులు సిమెంట్ పూత వేయించాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి చెమ్మ నాలుగున్నర అడుగుల ఎత్తుకు చేరింది. పూత తీయబోతే పెచ్చులతో పాటు ఇటుక ముఖం కూడా వచ్చేసింది. చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే సిమెంట్ పెచ్చు వెనక ఎర్రటి ఇటుక తోలు అతుక్కుని ఉంది. గోడలో మిగిలిన ఇటుకను వేలితో రాస్తే పిండిలా రాలింది. పెచ్చుతో ఊడివచ్చిన ఆ తోలు, బట్టీలో కాలినప్పుడు ఇటుకకు ఏర్పడే గట్టి పొర. ఒకసారి పోతే తిరిగి తేలేం. ఆ పెచ్చు ఇప్పటికీ నా దగ్గరుంది. సిమెంట్ వేద్దామన్న ప్రతి ఒక్కరికీ చూపిస్తాను.

మరి చెమ్మకు ఏం చేయాలి? ముందు గోడ చుట్టూ నేల చూడండి. ఏళ్ల తరబడి మట్టి వేసి, బండలు పరిచి నేల మట్టాన్ని పెంచేసి ఉంటారు. లోపలి గచ్చు కన్నా బయటి నేల కనీసం 150 మి.మీ. కిందకు ఉండాలి, నీళ్లు గోడకు దూరంగా పారేలా వాలు ఉండాలి. గోడను ఆనుకుని సిమెంట్ గచ్చు ఉంటే తీసేసి అక్కడ కంకర పోస్తే నేల ఆరుతుంది. కారే గొట్టాలు బాగుచేయండి. తర్వాత పాత పూత తీసి, గోడను నెలల తరబడి ఆరనిచ్చి, పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయండి, కడగకండి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఇంత ఆరాక సున్నపు పూత వేయండి. చాలా ఇళ్లలో చెమ్మ ఇంతటితోనే అదుపులోకి వస్తుంది.

మా ఇల్లు సున్నంతో కట్టిందో సిమెంట్‌తో కట్టిందో ఎలా తెలుసుకోవాలి?

పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ వచ్చింది 1824లో. మామూలు ఇళ్లకు అది అందుబాటులోకి రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కాబట్టి 19వ శతాబ్దపు ఇల్లయితే సున్నం అయ్యే అవకాశమే ఎక్కువ. కొన్ని ఇళ్లలో మట్టి అడుసు కూడా ఉంటుంది.

గోరుతోనో తాళంచెవితోనో సందులో గీకండి. సున్నం తెల్లగా, మీగడ రంగులో ఉండి పొడిగా రాలుతుంది, అక్కడక్కడా కలవని తెల్ల సున్నపు ఉండలు కనబడతాయి. సిమెంట్ బూడిదరంగులో ఉంటుంది, గీత కూడా సరిగా పడదు. పైపైన చూసి నిర్ణయించకండి, ఎందుకంటే మధ్యలో ఎవరో పై అంగుళం మాత్రం సిమెంట్ పెట్టి ఉండవచ్చు. రెండంగుళాల లోపలి నుంచి తీసిన గారనే చూడాలి.

ఆ గారలో చెంచాడు గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోస్తే సున్నం బుసబుసా నురగ కక్కుతూ కరిగిపోతుంది. అడుగున ఇసుక మిగులుతుంది. దాన్ని కడిగి ఆరబెట్టి తెల్లకాగితం మీద పరిస్తే మీ ఇల్లు కట్టినవాళ్లు వాడిన ఇసుక మీ కళ్లముందుంటుంది: దాని రంగు, గింజ సైజు, పదునుగా ఉందా గుండ్రంగా ఉందా. కొత్త గారకు ఇసుక వెతికేటప్పుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టుకోండి. గార రంగు చాలావరకు ఇసుక నుంచే వస్తుంది. అయితే ఇసుకలో సున్నపురాయి ముక్కలు ఉంటే అవీ కరిగిపోతాయి, అందుకే పాళ్లు కచ్చితంగా కావాలంటే ల్యాబ్‌కు పంపడమే మేలు.

ఇటుకల సందుల్లో గార రాలిపోయింది. మళ్లీ నింపేటప్పుడు ఏం చూడాలి?

మొదట, ఎక్కడ రాలిందో అక్కడే నింపండి. గట్టిగా ఉన్న పాత గారను వరసగా కనబడాలని తవ్వకండి.

పాత గారను సన్నటి ఉలి, చిన్న సుత్తితో తీయించండి. గ్రైండర్‌తో పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ నిలువు సందుల దగ్గర బ్లేడు కాస్త జారినా పైఇటుక, కిందిఇటుక అంచులు కోసుకుపోతాయి. ఆ కోతలు ఇక ఎప్పటికీ కనబడుతూనే ఉంటాయి. సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు ఖాళీ చేయాలి. 10 మి.మీ. సందు అయితే 20 నుంచి 25 మి.మీ. అంతకన్నా తక్కువైతే కొత్త గార పట్టు దొరక్క బిళ్లలుగా ఊడిపోతుంది.

దుమ్ము దులిపి, సందును నీళ్లతో తడపాలి. పొడి ఇటుక గారలోని నీటిని గుటుక్కున తాగేస్తే సున్నం గట్టిపడదు. గారను ఒకేసారి కుక్కకుండా పొరలు పొరలుగా నొక్కాలి. పై పొర బొటనవేలితో నొక్కితే ముద్ర పడీ పడనట్టు ఉన్నప్పుడు గట్టి కుచ్చు బ్రష్‌తో తడుతూ పోతే పైన ఇసుక గింజలు తేలి పాత సందులాగే కనబడుతుంది. అరిగి గుండ్రబడ్డ ఇటుక అంచుల మీదికి గార పూయనివ్వకండి. అలా పూస్తే పది మి.మీ. సందు పాతికలా కనబడి గోడ ముఖమే మారిపోతుంది. ఆ తర్వాత కొన్ని రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. మంచు పడే కాలంలో, మండే ఎండలో ఈ పని పెట్టుకోకూడదు.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడం లేదు. సున్నంలో కాస్త సిమెంట్ కలిపితే పర్వాలేదా?

కలపకండి. కొద్దిగా కలిపితే సున్నానికి ఉన్న మెత్తదనం తగ్గుతుంది, సిమెంట్ బలమూ పూర్తిగా రాదు. పైగా సిమెంట్‌లోని కరిగే లవణాలు గోడలోకి దిగుతాయి. తొందరగా గట్టిపడాలన్నదే అవసరమైతే సహజ హైడ్రాలిక్ సున్నం వాడవచ్చు. బంకమన్ను కలిసిన సున్నపురాయిని కాల్చి చేసే ఈ సున్నం నీటితో కూడా గట్టిపడుతుంది. 2, 3.5, 5 అని మూడు తరగతులుగా వస్తుంది, అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. మెత్తటి పాత ఇటుకకు చిన్న అంకె చాలు. మెత్తగా కాల్చిన ఇటుకపొడి కలిపినా సున్నం త్వరగా పట్టుకుంటుంది, ఇది రోమన్ల కాలానికే తెలిసిన పద్ధతి.

సున్నం ఎందుకు నెమ్మదో తెలిస్తే ఓపిక వస్తుంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నీళ్లు పోస్తే సలసల కాగి ముద్దవుతుంది. ఆ ముద్దను ఇసుకతో కలిపి గోడలో పెట్టాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. అది పైనుంచి లోపలికి నెలల తరబడి సాగుతుంది. ఆ నెమ్మదిలో ఒక మేలు కూడా ఉంది. సన్నటి నెర్రె పడితే, వాన నీటిలో కరిగిన సున్నం ఆ నెర్రెలో మళ్లీ గడ్డకట్టి కొంతవరకు దానంతట అదే పూడుకుంటుంది.

పని వచ్చిన మేస్త్రీ దొరక్కపోతే, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న మేస్త్రీని వెతకండి. ఇంటి వెనక గోడలో చదరపు మీటరు చోట నమూనా చేయించి, పూర్తిగా ఆరాక పాత గోడ పక్కన పెట్టి చూడండి. నచ్చాకే ముందు గోడకు వెళ్లండి. ఒక హెచ్చరిక: కాల్చిన సున్నం కళ్లలో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దాని దగ్గరికి రానివ్వకండి.

నల్లబడ్డ గోడను ఇసుక కొట్టి శుభ్రం చేయిస్తే కొత్తదిలా వస్తుందన్నారు. నిజమేనా?

మొదటి రోజు కొత్తదిలానే ఉంటుంది. ఇసుక దెబ్బకు ఇటుక గట్టి పొర, రాతి మీద చెక్కడపు పదును, రెండూ పోతాయి. ఆ తర్వాత గోడ మునుపటికన్నా ఎక్కువ నీరు తాగుతుంది, ఎక్కువ మురికి పడుతుంది. పెద్ద ప్రెషర్‌తో నీళ్లు కొట్టడం, యాసిడ్ వేసి కడగడం కూడా అంతే.

మెత్తని కుచ్చు బ్రష్, మామూలు ధారలో నీళ్లు, ఓపిక. పోనిచోట సన్నటి తుంపర కొన్ని గంటలు పడనిచ్చి మళ్లీ బ్రష్. ఇది కూడా చిన్న ముక్క మీద చేసి చూశాకే. కొంత నలుపు మిగిలితే మిగలనివ్వండి. వందేళ్ల గోడ వందేళ్ల గోడలాగే ఉండాలి.

పారదర్శకమైన వాటర్‌ప్రూఫ్ ద్రవం పూస్తే?

లోపల చిక్కిన చెమ్మ, ఉప్పు ఆ పొర వెనక పేరుకుంటాయి, పూసింది మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకండి.

పాత రంగుల పొరలన్నీ గీకించాలా?

ఊడుతున్నవి మాత్రమే. గట్టిగా పట్టుకుని ఉన్న పొర కొత్త రంగుకు మంచి ఆధారం, పైగా అది ఆ ఇంటి రంగుల చరిత్ర.

గీకేముందు సీసం సంగతి తేల్చుకోండి. పాత నూనె రంగుల్లో సీసం విరివిగా వాడేవారు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించిందే 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా. చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు తిరిగిరానిది. అందుకే పొడిగా సాండ్‌పేపర్ పట్టడం, మంటతో కాల్చడం అస్సలు వద్దు. హీట్ గన్ వాడితే సుమారు 590 డిగ్రీలు దాటకూడదు, దాటితే సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తడిపి గీకండి, కింద ప్లాస్టిక్ షీటు పరచండి, రాలినదంతా ఏ రోజుకారోజు మూట కట్టండి. పనివాళ్లు సరైన మాస్కు పెట్టుకోవాలి, పని బట్టలతో ఇంట్లోకి రాకూడదు. ఇంట్లో పసిపిల్లలుంటే, గర్భిణులుంటే ఆ రోజుల్లో వేరేచోట ఉండటం మంచిది.

ఇంటి మొదటి రంగు ఏదో ఎలా కనుక్కోవాలి?

నాకు ఎంతో ఇష్టమైన పని ఇది. చూరు కిందో, తలుపు మడతబందు వెనకో, ఎండావానా తగలని చోటు ఎంచుకోండి. ఈ రంగుల్లోనూ సీసం ఉండవచ్చు కాబట్టి పదునైన బ్లేడుతో చిన్న గుంట తీసి, సన్నటి సాండ్‌పేపర్‌ను నీళ్లతో తడుపుతూ గుండ్రంగా, ఏటవాలుగా రుద్దండి. చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల్లా పొరలన్నీ బయటపడతాయి. భూతద్దం పెట్టి చూస్తే మీద ఇప్పటి తెలుపు, కింద ఒక పచ్చ, దాని కింద మురికి గీత, మళ్లీ ఒక ముదురు ఎరుపు, ఆఖరున చెక్క. మురికి గీత ఉందంటే దాని కింది పొర చాలా ఏళ్లు బయట ఉందన్నమాట. గీత లేకుండా అతుక్కున్న రెండు పొరల్లో కిందది బహుశా ప్రైమరే.

ఒక మోసం ఉంది. అవిసె నూనెతో చేసిన రంగు చీకట్లో పచ్చబడుతుంది. గుంట తీయగానే కనబడే మీగడ రంగు నిజానికి తెలుపు కావచ్చు. దాన్ని కొన్ని రోజులు వెలుతురులో ఉంచి, తర్వాతే షేడ్ కార్డు పక్కన పెట్టండి.

కొత్తగా ఏ రంగు వేయించాలి? ప్లాస్టిక్ పెయింట్ ఎక్కువ కాలం వస్తుందంటున్నారు.

సున్నపు పూత ఉన్న గోడకు పలుచటి సున్నమే అన్నిటికన్నా సరిపోతుంది. పాలంత పలుచగా కలిపి, గోడ తడిపి, నాలుగైదు పూతలు వేయాలి. వేసినప్పుడు ఏమీ కనబడదు, నీళ్లు పూసినట్టే ఉంటుంది. ‘ఇదేం తెలుపు’ అని కంగారుపడి చిక్కగా కలిపేస్తారు, అది పొడిలా రాలుతుంది. ఆరుతుంటే తెలుపు తేలుతుంది. ఇంకా ఎక్కువకాలం మన్నాలంటే సిలికేట్ రంగు ఉంది. అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ అనే జర్మన్ 1878లో పేటెంట్ తీసుకున్న రకం. ఇది గోడ మీద పొరలా కూర్చోదు, సున్నపు పూతతో రసాయనికంగా కలిసిపోతుంది, ఆవిరిని పోనిస్తుంది. ప్లాస్టిక్ పెయింట్ సాగే తొడుగులాంటిది. చెమ్మ ఉన్న గోడ మీద బుడగలు కట్టి దుప్పటిలా ఊడుతుంది.

పాత కిటికీలు బిగుసుకుపోయాయి, గాలి వస్తోంది. మొత్తం మార్చేయమంటున్నారు.

మార్చేముందు స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లండి. కింది పలక మూలల్లో, అతుకుల దగ్గర మొనతో నొక్కండి. మెత్తగా దిగితే అక్కడ పుచ్చు. చాలా కిటికీల్లో కింది నాలుగంగుళాలు తప్ప మిగతా చెక్క రాయిలా ఉంటుంది. పాత చెట్ల చెక్కలో వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, అంత చిక్కటి చెక్క ఇప్పుడు తొందరగా పెరిగే చెట్ల నుంచి రాదు.

పుచ్చిన ముక్క కోసి, అదే జాతి చెక్క, అదే గీతల దిశ చూసి ఏటవాలు అతుకుతో కొత్త ముక్క కలపడం మంచి వడ్రంగికి తెలిసిన పనే. చెక్కలో తేమ 20 శాతం కిందే ఉంటే పుచ్చు పట్టదు, కాబట్టి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి వాలు సరిచేయాలి. పొరలు పొరలుగా పేరుకున్న రంగు వల్ల బిగుసుకున్న రెక్క, అంచు రంగు గీకితే చాలు కదులుతుంది. గాజు చుట్టూ ఎండి పగిలిన లప్పం తీసి అవిసె నూనె లప్పం పెట్టండి. గాలి రాకుండా అంచుకు సన్నటి బ్రష్ పట్టీలు వస్తాయి.

గాజును కాపాడుకోండి. కరిగిన తగరం మీద తేల్చి నున్నగా చేసే ఫ్లోట్ గాజును 1959లో ప్రకటించే వరకు మామూలు కిటికీ గాజులో చిన్న అలలు, బుడగలు ఉండేవి. సాయంత్రపు వెలుతురులో ఆ అలల మీద చెట్టు నీడ కదులుతుంటే గోడకే ప్రాణం వచ్చినట్టుంటుంది. గాజు ఏళ్ల తరబడి కిందికి జారి అడుగున మందమవుతుందన్న మాట మాత్రం నిజం కాదు, పాత గాజు తయారీలోనే మందం హెచ్చుతగ్గులుగా వచ్చేది.

గోడల్లోని ఇనుప కొక్కేలు, బయటి కమ్మీలు తుప్పు పట్టాయి.

బయట ఉన్నవాటి తుప్పు వైర్ బ్రష్‌తో తీసి, అదే రోజు తుప్పు నిరోధక ప్రైమర్ వేయండి. నీళ్లు నిలిచే గుంటలు నింపండి.

గోడలో పాతినవి వేరు. ఇనుము తుప్పుగా మారితే తన పరిమాణం కన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, రాయిని చీల్చేస్తుంది. గ్రీసులోని ఏథెన్స్‌లో పురాతన గుడులున్న కొండ ఆక్రోపోలిస్ మీద ఇదే జరిగింది. పురాతన గ్రీకులు రాళ్లను కలిపే ఇనుప బందులకు సీసం పోసి తుప్పు రాకుండా చూశారు. 20వ శతాబ్దం మొదట్లో బాగుచేసినప్పుడు సీసం లేని ఇనుము పెట్టడంతో పాలరాయి పగిలింది. ఇప్పుడు వాటిని తీసి టైటానియం బందులు పెడుతున్నారు. మీ ఇంట్లో రాయి అంచున ఎర్రటి మరకతో సన్నటి పగులు కనబడితే లోపల ఇనుముంది. పగులు మూసేయకండి, ఇనుము తీయించి స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టించండి.

గోడలో పగుళ్లు ఉన్నాయి. భయపడాలా?

పగులు పాతదా, కదులుతోందా అన్నదే ప్రశ్న. పగులు లోపల దుమ్ము, సాలెగూడు, పాత రంగు ఉంటే అది ఎప్పుడో ఆగిపోయింది. అంచులు తాజాగా, పదునుగా ఉంటే కదులుతోంది. రెండు వైపులా పెన్సిల్ గుర్తులు పెట్టి, మధ్య దూరం నెలకోసారి కొలిచి తేదీతో రాయండి. ఒక ఏడాది తిరగాలి, ఎందుకంటే ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే పగుళ్లు ఉంటాయి. వెడల్పు 5 మి.మీ. దాటినా, పైకి పోయేకొద్దీ వెడల్పవుతున్నా, గోడ ఉబ్బెత్తుగా కనిపించినా ఏడాది ఆగొద్దు. పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరును వెంటనే పిలవండి.

గోడలో మొలిచిన రావి మొక్కను పీకేయవచ్చా?

పీకితే వేరుతో పాటు ఇటుకలు వస్తాయి. మొదలు కోసి, వేరు చచ్చి ఎండేదాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా తీసి ఖాళీని సున్నపు గారతో నింపండి. లేతగా ఉన్నప్పుడే చూస్తే రెండు వేళ్లతో వచ్చేస్తుంది.

పని అయిపోయాక ఏం చేయాలి?

ఏడాదికి రెండుసార్లు గట్టర్లలో ఆకులు తీయించండి. మొదటి పెద్ద వానకు మళ్లీ గొడుగు వేసుకుని తిరగండి. జారిన పెంకు, ఊడిన గొట్టం అతుకు ఆ వారంలోనే బాగుచేస్తే పెద్ద పని రాదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ గోడకు ఏ పాళ్లలో సున్నం, ఇసుక కలిపారు, ఇసుక ఏ రకం, ఏ నెలలో వేశారు, ఏ కిటికీకి ఎంత ముక్క అతికారు, రంగు నంబరు ఏది, అన్నీ రాయండి. పనికి ముందు, మధ్యలో, తర్వాత తీసిన ఫొటోలు, పాత ఇసుక పరిచిన ఆ తెల్లకాగితం, రంగు పొరల గుంట ఎక్కడ తీశారో గుర్తు పెట్టిన బొమ్మ కూడా అందులోనే ఉంచండి. ఆ పుస్తకాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి భద్రపరచండి. ముప్పై ఏళ్ల తర్వాత స్కాఫోల్డింగ్ ఎక్కే మేస్త్రీ ముందు అడిగేది ఇందులో ఏం కలిపారనే.